తట్టి చూడని బండ్లు

వాలెంటీనో బ్రైటెన్‌బర్గ్ ఇటలీలో పుట్టి, జర్మనీలోని ట్యూబింగెన్ నగరములో మెదడు నిర్మాణమును గురించి చాలాకాలము పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడు. ఆయన 1984లో ఇంగ్లీషులో "వెహికల్స్" అనే చిన్న పుస్తకమును వెలువరించారు. వెహికల్స్ అంటే బండ్లు. సుమారు నూటయాభై పుటలు. లెక్కలు దాదాపు లేవు. మెదడునూ మరయంత్రమునూ ఒకే బల్లమీద పెట్టి చూపే పుస్తకాలలో ఇంత హాయిగా చదివించేది మరొకటి నా కంటబడలేదు. మన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు దీనిని చదవవలెనని గట్టిగా చెప్తాను. చదివినదానిని ఉన్నదున్నట్లుగా తరగతిలో అప్పగించకూడదని కూడా అంతే గట్టిగా చెప్తాను. ఎందుచేతనో తెలియడానికి ఈ బండ్లను పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గుబావులలోనికి దింపి చూడవలసి ఉన్నది. ముందుగా బండ్లు ఎట్టివో చూద్దాము.

మొదటి బండికి ఉన్నది ఒక జ్ఞానేంద్రియము, ఒక మోటారు, రెండింటినీ కలిపే ఒక తీగె. చుట్టూ వేడి ఎక్కువైతే మోటారు జోరుగా తిరుగుతుంది, చల్లబడితే నెమ్మదిస్తుంది. అంతకుమించి దానిలో ఏమీ లేదు. అయినా అది వేడిచోట తత్తరపడుతూ, చల్లనిచోట తారట్లాడుతూ పోవడము చూచినవాడు "దీనికి వేడి గిట్టదు కాబోలు" అంటాడు. రెండవ బండికి రెండు కండ్లు, రెండు మోటార్లు. కుడికంటి తీగె కుడి మోటారుకు, ఎడమకంటి తీగె ఎడమ మోటారుకు కలిపితే, దీపము కుడిప్రక్కన ఉన్నప్పుడు కుడి చక్రమే జోరుగా తిరుగుతుంది. బండి ఎడమకు తిరిగి దీపమునుంచి తప్పించుకొని పోతుంది. చూచేవారికి అది పిరికిది. తీగెలను అడ్డముగా మార్చి కలిపితే అదే బండి దీపముమీదికి వేగము హెచ్చించుకుంటూ దూకుతుంది. ఇప్పుడది దుడుకుది! వెలుతురు హెచ్చినకొద్దీ మోటారు మందగించేటట్లు చేస్తే దీపము ఎదుటకు వచ్చి నిలిచిపోయే బండి తయారవుతుంది. దానికి ఆయన పెట్టిన పేరు ప్రేమ. ఇట్లా మొత్తము పధ్నాలుగు బండ్లు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొత్త సదుపాయము: ఒకదానికి జ్ఞాపకము, ఒకదానికి ఆకారములను పోల్చుకొనే శక్తి, ఒకదానికి ముందుచూపు.

ఈ ఆటలో దాగి ఉన్న సిద్ధాంతము గొప్పది. ఒక యంత్రమును లోపలినుంచి కట్టుకుంటూ రావడము దిగుడుదారి వంటిది; దాని నడతను బయటినుంచి చూచి లోపల ఏమున్నదో ఊహించడము ఎక్కుడుదారి. బయటినుంచి చూచేవాడు ఎప్పుడూ ఉన్నదానికంటె ఎక్కువే ఊహిస్తాడు. పిచ్చుకగూటిని చూచి ఇంజనీరును ఊహించే మన అలవాటుకు ఇది మంచి మందు. ఈ పుస్తకము వచ్చిన కాలము కూడా గమనింపదగినది. 1966 నుంచి 1972 వరకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో "షేకీ" అనే మరయంత్రమును నడిపారు. అది ఆగి, చూచి, గదిపటమును తనలో గీసుకొని, ఆలోచించి, ఆ తరువాత కదిలేది. ఒక దిమ్మెను తోయడానికి ఎంతోసేపు పట్టేది. చూపుకూ కదలికకూ నడుమ అంత పెద్ద కచేరీ అక్కరలేదని, కంటినుంచి చక్రానికి నేరుగా తీగె లాగినా చాలా పని నడుస్తుందని ఈ చిన్న బండ్లు చూపించాయి. 1986లో రాడ్నీ బ్రూక్స్ ఇంచుమించు ఇటువంటి భావముతోనే నిజమైన మరయంత్రాలను నడిపించి చూపారు.

ఇక బావిలోనికి దిగుదాము. గోదావరిఖని, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ పేర్లు వినని విద్యార్థి ఈ ప్రాంతములో ఉండడు. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసిన తరువాత గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలోనూ, తక్కిన మూడూ మంచిర్యాల జిల్లాలోనూ చేరాయి గాని భూగర్భములోని బొగ్గుపొరకు ఆ హద్దులు పట్టవు. బొగ్గు తీసిన చోట పైనున్న రాతికి ఆధారము తగ్గిపోతుంది. ఆ రాతినే కప్పు అంటారు. అది పొరలు పొరలుగా ఉంటుంది. క్రిందిపొర పైపొరనుంచి విడిపోయినా కొంతకాలము అంటుకొని ఉన్నట్లే కనిపిస్తుంది. దీపము వేసి ఎంతసేపు చూచినా కంటికి తేడా తెలియకపోవచ్చును. అందుచేత పనిలోనికి దిగేముందు సర్దారు ఒక కడ్డీతో కప్పును తట్టి చూస్తాడు. ఖంగుమని మ్రోగితే గట్టి. బొద్దుగా, డొల్లగా పలికితే పొర విడిపోయిందన్నమాట. అనుమానమున్నచోట ఒకచేత కొడుతూ రెండవచేతి వ్రేళ్ళను కప్పుకు ఆనించి ఉంచుతాడు. విడిపోయిన పలక దెబ్బకు అదురుతుంది. చెవికి అందని అదురు వ్రేళ్ళకు అందుతుంది.

ఇది బొగ్గుబావివారి రహస్యమేమీ కాదు. సంతలో కుండ కొనే ఇల్లాలు వ్రేలి కణుపుతో కొట్టి చూడకుండా డబ్బులు ఇవ్వదు. 1761లో ఆస్ట్రియా వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ రోగి ఛాతీని వ్రేళ్ళతో తట్టి లోపలి స్థితి తెలుసుకొనే పద్ధతిని ప్రకటించాడు. ఆయన తండ్రి సత్రము నడిపేవాడు, పీపాను తట్టి అందులో ఎంత ద్రవమున్నదో చెప్పడము అక్కడివారికి మామూలు విద్య. కుండ, పీపా, ఛాతీ, గనికప్పు: నాలుగింటిలోనూ జరిగేది ఒకటే. చప్పుడు తనంతట తాను చెవిలో పడలేదు. చెయ్యి వెళ్ళి దానిని పుట్టించింది.

బ్రైటెన్‌బర్గ్ బండ్లతో నా పేచీ ఇక్కడే ఆరంభమవుతుంది. ఆయన బండ్లకు కండ్లున్నాయి, ముక్కులున్నాయి, తాకుడు తెలిసే మీసాలూ ఉండవచ్చును. కాని అవన్నీ వాకిట్లో పెట్టిన గంగాళాల వంటివి. వాన పడితే నిండుతాయి. తెలుసుకోవడముకొరకే చేసే పని అంటూ ఆ బండ్లకు లేదు. ప్రపంచము పంపినదానికి అవి జవాబు చెప్తాయి గాని, ప్రపంచమును ప్రశ్న అడగవు. ఇంతకు ముప్పైఅయిదేళ్ళ ముందే, 1948–49 ప్రాంతములో, ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరములో గ్రే వాల్టర్ అనే శాస్త్రజ్ఞుడు "ఎల్మర్", "ఎల్సీ" అనే రెండు యాంత్రిక తాబేళ్ళను చేశాడు. రెండేసి రేడియోవాల్వులే వాటి మెదడు. అయినా వాటి కన్ను ముందుచక్రముతోపాటు ఎడతెగక తిరుగుతూ నలుదెసలా వెదకేది. వెలుగు చిక్కిన తరువాతనే ఆ తిరుగుడు ఆగేది. వెదకే కన్నును అంత చవుకగా చేయగలిగినప్పుడు, తరువాత వచ్చిన ఈ పుస్తకము దానికి ప్రాముఖ్యము ఇవ్వకపోవడము నాకు లోపముగానే తోస్తుంది.

ఇది ఒక చిన్న సదుపాయము తగ్గడమేగదా, పదిహేనవ బండిగా కలిపితే సరిపోదా అని పాఠకులు అడగవచ్చును. సరిపోదు. ఎందుకంటే వెదకడము చివర తగిలించే అలంకారము కాదు. మన చూపే దానిమీద నిలిచి ఉన్నది. మనము ఒకచోటనే చూస్తున్నామనుకున్నప్పుడు కూడా కన్ను సన్నగా అదురుతూనే ఉంటుంది. 1950ల ఆరంభములో శాస్త్రజ్ఞులు కంటితోపాటే కదిలేటట్లుగా ఒక బొమ్మను అమర్చి, కంటి తెరమీద దానిని కదలనివ్వకుండా నిలిపి చూశారు. కొన్ని క్షణాలలో బొమ్మ వెలిసిపోయి మాయమైంది. 1963లో హెల్డ్, హైన్ అనే ఇద్దరు అమెరికనులు పిల్లికూనలపై చేసిన ప్రయోగము ఇంకా ప్రసిద్ధమైనది. చీకటిలో పెరిగిన కూనలను జతలుగా తీసుకొని, రంగులరాట్నము వంటి కాడికి ఒకకొన ఒకదానిని, రెండవకొన మరొకదానిని కట్టారు. మొదటిది తన కాళ్ళతో నడుస్తుంది. రెండవది తొట్టిలో కూర్చొని మొదటిదాని నడకవల్ల తిరుగుతుంది. ఇద్దరి కండ్లకూ ఇంచుమించు ఒకే దృశ్యము. తరువాత చూడగా నడిచిన కూన లోతును గుర్తించి అంచువద్ద ఆగింది. సవారీ చేసిన కూనకు ఆ తెలివి లేదు. కట్టు విప్పి తిరగనిచ్చిన కొద్దిదినాలకే దానికీ వచ్చింది. కండ్లలో లోపము లేదు. తన అడుగుకూ తన చూపుకూ గల లంకె దానికి తెలియలేదు, అంతే.

1969లో పాల్ బాఖ్-ఇ-రీటా అనే వైద్యుడు గుడ్డివారికి చేసిన కుర్చీ కూడా ఈ మాటే చెప్తుంది. కెమెరా చూచిన దృశ్యమును కుర్చీవెనుక అమర్చిన నాలుగువందల చిన్న మొనల అదురుగా మార్చి వీపుమీద ముద్రించేవారు. కెమెరాను వేరొకరు త్రిప్పినంతసేపూ వారికి వీపుమీద గిలిగింతలే. తమచేతితో తామే త్రిప్పడము మొదలుపెట్టి, కొంత అభ్యాసము చేసిన తరువాత, వస్తువులు వీపుమీద కాక ఎదుట ఉన్నట్లు తోచాయి.

ఇందులో మెదడు చేసే పని ఏమిటి? కచేరీలో ఒక జాబు పంపేటప్పుడు దాని నకలు దస్త్రములో ఉంచుకుంటారు గదా. జవాబు వచ్చినప్పుడు ఏ జాబుకు వచ్చినదో తెలియడానికి. మెదడు కూడా కండరములకు ఆజ్ఞ పంపేటప్పుడు దాని నకలు ఒకటి తనవద్ద ఉంచుకుంటుందని 1950లో ఫాన్ హోల్స్ట్, మిటెల్‌ష్టాట్ అనే జర్మను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఆ నకలునుబట్టి రాబోయే అనుభవమును ముందే అంచనా కడుతుంది. వచ్చినది అంచనాకు సరిపోతే పట్టించుకోదు. తేడా ఉంటే ఉలిక్కిపడుతుంది. మనకు మనమే చక్కిలిగింత పెట్టుకోలేకపోవడానికి కారణము ఇదే. ఒక కన్ను మూసి, రెండవకంటి రెప్పను బయటి మూలన వ్రేలితో అతి మెల్లగా నొక్కి చూడండి. ఎదుటి గోడ కదిలినట్లు కనిపిస్తుంది. కంటిని మామూలుగా త్రిప్పితే గోడ కదలదు. వ్రేలు కదిపినప్పుడు కంటికండరములకు ఆజ్ఞ పోలేదు గనుక నకలు లేదు. (విద్యార్థులు గట్టిగా నొక్కకుండా ఉపాధ్యాయులు దగ్గర ఉండి చూడవలెను.)

ఇప్పుడు సర్దారు చేతిని మరల చూడండి. కడ్డీ ఎంత జోరుగా విసిరాడో ఆ చేతికి తెలుసు. ఆ దెబ్బకు గట్టిరాయి ఎట్లా పలుకుతుందో చెవికి తెలుసు. పలుకు రాకముందే అంచనా సిద్ధముగా ఉన్నది. డొల్ల శబ్దమంటే వట్టి శబ్దము కాదు, తప్పిన అంచనా. అదే శబ్దమును రికార్డు చేసి, ఎవరు ఎంత జోరుగా కొట్టినదీ తెలియనివానికి వినిపిస్తే సగము అర్థము పోతుంది. బ్రైటెన్‌బర్గ్ పుస్తకములో ముందుచూపు పదమూడవ బండివద్దగాని రాదు. ఆయన దృష్టిలో అది పైఅంతస్తు. నేను చెప్పేది అది పునాది అని.

మరొక పేచీ ఉన్నది. ఆరవ బండిని గురించి చెప్తూ ఆయన బండ్లనన్నింటినీ ఒక బల్లమీద తిరగనిస్తారు. బల్ల అంచునుంచి పడిపోయినవి పోతాయి; మిగిలినవాటిని చూచి, చిన్నచిన్న పొరపాట్లతో, కొత్తబండ్లు చేస్తారు. ఇట్లా ఎవరూ ఆలోచించకుండానే తెలివిగల బండ్లు తయారవుతాయి. డార్విను సిద్ధాంతమును ఇంత సులువుగా చెప్పడము మెచ్చుకోదగినదే. కాని బొగ్గుబావిలో ఈ చదువు చెల్లదు. కప్పు ఒక్కసారే కూలుతుంది. కూలినదానిక్రింద ఉన్నవాడు పాఠము నేర్చుకొని తిరిగి రాడు. కొత్తగా చేరినవానిని ముందు మంచి కప్పుక్రింద నిలిపి కొట్టించి, తరువాత ఊతలు పెట్టిన వదులు కప్పును దూరమునుంచి కొట్టించి, "విన్నావా?" అని అడిగే పెద్దవాడొకడు ఉండాలి. చెవి ఒకరినుంచి ఒకరికి అందుతుంది. పధ్నాలుగు బండ్లలో ఏదీ మరొకదానికి గురువు కాదు. ఉపాధ్యాయులకు ఇంతకంటె పెద్ద కొరత ఏమి చూపగలను?

అయితే తట్టి వినే విద్యను నెత్తిన పెట్టుకొని ఊరేగించడము నా ఉద్దేశము కాదు. దానికి హద్దులున్నాయి. విడిపోయిన పలక చాలా మందముగా ఉంటే గట్టిగానే పలుకుతుంది. పొర చాలా ఎత్తున విడిపోతే క్రింద కొట్టిన దెబ్బకు ఏమీ తెలియదు. యంత్రాల రొదలో సన్నని తేడాలు వినబడవు. ఏళ్ళతరబడి ఆ రొదలో పనిచేసిన చెవి మొద్దుబారుతుంది. అందుచేతనే కప్పులో రంధ్రము తొలిచి, పైన గట్టిపొరలో ఒక కొక్కెమును బిగించి, దానినుంచి సూచికను వ్రేలాడదీసే పద్ధతి వచ్చింది. నడుమ పొరలు విడిపోయి కప్పు క్రిందికి జారితే సూచికమీది రంగుపట్టీలు చెప్తాయి. సర్దారు చెవికి అందని ఎత్తులో జరిగినది దీనికి అందుతుంది. 1980లలో సింగరేణి గనులలో లాంగ్‌వాల్ పద్ధతి ప్రవేశించింది. 2014లో రామగుండము ప్రాంతములోని అడ్రియాల గనిలో మరింత పెద్ద యంత్రాలతో ఆ పని మొదలైంది. అక్కడ కప్పును మోసేవి ద్రవపు ఒత్తిడితో నిలిచే ఉక్కుకాళ్ళు. ఆ ఒత్తిడి ఎంతో సెన్సారులు ఎప్పటికప్పుడు చెప్తుంటాయి. బొగ్గు కోసే యంత్రము ముందుకు పోయినకొద్దీ కాళ్ళు కూడా ముందుకు అడుగువేస్తాయి. ఇది బ్రైటెన్‌బర్గ్ బండికి నిజమైన పెద్దన్న: కొలత వస్తుంది, కాలు కదులుతుంది.

అయినా 2022 మార్చిలో ఆ అడ్రియాల గనిలోనే కూలుడు జరిగి ముగ్గురు చనిపోయారు. సెన్సారులు ఉండికూడా ఇట్లా ఎందుకు జరిగిందని అడిగే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవలెను. సెన్సారు తాను ఉన్నచోటును గురించే చెప్తుంది. దానిని అమర్చని మూలనుగురించి దానికి అనుమానము పుట్టదు. అనుమానము పుట్టి, అటు నడిచివెళ్ళి, కడ్డీ ఎత్తడము వేరొక విద్య. వెనుకటి మంటదీపము సంగతీ ఇంతే. మీథేను వాయువు గాలికంటె తేలిక గనుక సర్దారు దీపపు వత్తిని తగ్గించి, దీపమును మెల్లగా కప్పువైపు ఎత్తుతూ, మంటపై నీలిరంగు టోపీ కనిపిస్తుందా అని చూసేవాడు. నేటి ఎలక్ట్రానిక్ సాధనము మంటకంటె ఎంతో నిక్కచ్చిగా శాతము చెప్తుంది. కాని ఏ మూలకు, ఎంత ఎత్తుకు పట్టుకోవలెనో మనిషే నిర్ణయించవలెను.

దక్షిణాఫ్రికాలోని సి.ఎస్.ఐ.ఆర్. శాస్త్రజ్ఞులు కప్పును కొట్టిన చప్పుడు విని గట్టిదో వదులుదో చెప్పే సాధనమును చేశారు. కొట్టేది మనిషి, వినేది యంత్రము. దానిని చక్రాలబండిమీద ఎక్కించి మనిషికంటె ముందు లోపలికి పంపాలని కూడా ప్రయత్నించారు. నా కంటికి ఇది సరియైన దారి. సెన్సారును కప్పుకు బిగించి ఊరుకోవడము కాదు, సెన్సారుకు చెయ్యి ఇవ్వడము. అటువంటి బండి గోదావరిఖని బావిలో దిగేనాటికి, ఏ శబ్దము దేనికి గుర్తో దానికి చెప్పగలవారు కావాలి. వారిలో చాలామంది ఇప్పుడు పదవీవిరమణ చేసి, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల వీధి అరుగులమీద కూర్చొని ఉన్నారు. వారి చెవిలో ఉన్నది ఏ దస్త్రములోనూ పూర్తిగా ఎక్కలేదు.

ఇక పాఠశాలకు వద్దాము. జ్ఞానేంద్రియములను గురించి తరగతులలో నల్లబల్లమీద గీసే పటము మనందరికీ పరిచితమే: వస్తువునుంచి కంటికి ఒక బాణము, కంటినుంచి మెదడుకు ఒకటి, మెదడునుంచి కండరమునకు ఒకటి. అక్కడితో పటము ఆగిపోతుంది. కండరమునుంచి వస్తువుకు, వస్తువునుంచి మరల కంటికి పోయే బాణము గీయరు. బ్రైటెన్‌బర్గ్ చదివిన ఉపాధ్యాయుడు మెదడును తగ్గించి తీగెలను చూపుతాడు. అది మేలే గాని, ఆ కడపటి బాణము అక్కడ కూడా మసకగానే ఉంటుంది. దీనిని సరిచేయడానికి ఖర్చు అక్కరలేదు. ఒక విద్యార్థి కండ్లు మూసి, అరచేతిలో తాళముచెవినో సీసామూతనో ఊరక పెట్టి ఏమిటని అడగండి. తరువాత వ్రేళ్ళతో తడిమిచూడనివ్వండి. రెండు పర్యాయముల జవాబులనూ తరగతి అంతా వ్రాసుకొని పోల్చితే చాలును. రెండు కుండలు, ఒకటి సన్నని పగులు వారినది, బల్లమీద పెట్టి చూపుతో ఒకసారి, తట్టి ఒకసారి ఎన్నుకోమంటే ఇంకా బాగుంటుంది.

పుస్తకమును చదవబోయేవారికి ఒకటి రెండు మాటలు. మొదటి నాలుగు బండ్లను విద్యార్థులు కూడా అనుసరించగలరు. రెండు చిన్న మోటార్లు, వెలుతురునుబట్టి మారే రెండు నిరోధకములు, ఒక బ్యాటరీ దొరికితే రెండవ బండిని నిజముగానే కట్టవచ్చును. ప్రేమ, భయము అనే పేర్లు వాడేటప్పుడు, అవి చూచేవాని నోటిలోని మాటలే గాని బండిలోని వస్తువులు కావని తరగతికి చెప్పి తీరవలెను. గ్రంథకర్త ఈ సంగతిని నవ్వుతూ వదిలేశారు. ఏడునుంచి పన్నెండువరకు గల బండ్లు క్లిష్టమైనవి, తొందరలేదు. చివర జీవశాస్త్రమును గురించి చేర్చిన టిప్పణులను మాత్రము వదలకూడదు. ఈగ కంటినీ, నాడులు కుడినుంచి ఎడమకు దాటడమునూ గురించి అక్కడ వ్రాసినది చదివిన తరువాత, రెండవ బండిలో తీగెలను అడ్డముగా ఎందుకు కలిపారో మరల వెనుకకు వెళ్ళి చూడబుద్ధి అవుతుంది.